వీటీపీఎస్‌లో బొగ్గు మానేసి గడ్డి కాల్చగలమా?

కొండపల్లి బొమ్మ: ఇంగ్లండులో డ్రాక్స్ అనే కరెంటు ప్లాంటు ఉంది. ఒకప్పుడు పూర్తిగా బొగ్గుదే. ఆరు యూనిట్లలో నాలుగింటిని 2013-18 మధ్య చెక్క పెల్లెట్లకు (పొడి చేసి గట్టిగా నొక్కిన గుళికలు) మార్చేశారు. మన ఇబ్రహీంపట్నం వీటీపీఎస్‌లో (విజయవాడ బొగ్గు కరెంటు ప్లాంటు) 210 మెగావాట్ల యూనిట్లు ఆరున్నాయి, మొదటిది 1979 నాటిది. ఎలాగూ ముసలివైపోయాయి. ఇటు డెల్టాలో కోతలయ్యాక గడ్డి తగలబెడుతూనే ఉన్నాం. ఆ మంటేదో బాయిలర్లో పెడితే పోలా? తప్పయితే తిట్టండి.

లెక్కల మాస్టారు: తిట్టను గానీ లెక్క వేద్దాం. 500, 800 మెగావాట్ల యూనిట్లు కూడా కలిపితే ప్లాంటు 2,560 మెగావాట్లు. ఫుల్ లోడులో రోజుకు 6 కోట్ల యూనిట్ల కరెంటు పైమాటే. యూనిట్‌కు 650 గ్రాముల బొగ్గు వేసుకున్నా రోజుకు 40 వేల టన్నులు. కృష్ణా డెల్టా ఆయకట్టు 13 లక్షల ఎకరాలు. అంతా వరే అనుకుని, ఎకరానికి టన్నున్నర చొప్పున చివరి పరక దాకా ఊడ్చుకొచ్చినా 20 లక్షల టన్నులు దాటదు. గడ్డికి మన బొగ్గంత వేడి ఉందనే అనుకుందాం (మన బొగ్గూ అంత గొప్పదేం కాదు). యాభై రోజులకు ఖాళీ. ఆ తర్వాత గేదెలు మన మొహం చూస్తాయి.

కొండపల్లి బొమ్మ: మొత్తం కాదు మాస్టారూ, ఒక్క పాత యూనిట్.

లెక్కల మాస్టారు: ఒక్కదానికే ఏడాదికి 12 లక్షల టన్నులు. డెల్టా గడ్డిలో సగం పైన. కేంద్రం 2023లో సవరించిన పాలసీలో అడిగింది కూడా బొగ్గులో పంట వ్యర్థాల పెల్లెట్లు 2024-25లో 5 శాతం, మరుసటేడాది నుంచి 7 శాతం కలపమనే. ఇక్కడ ఆ 7 శాతమే 10 లక్షల టన్నులకు తేలుతుంది.

పాత బాయిలర్: అందరూ టన్నులు లెక్కపెడుతున్నారు, గడ్డిలో ఏముందో చూడట్లేదు. వరిగడ్డిలో సిలికా, పొటాషియం, క్లోరిన్ ఉంటాయి. పొటాషియం వల్ల బూడిద తక్కువ వేడికే కరిగి పాకంలా ట్యూబులకు పడుతుంది. గుంటూరు జిల్లాలో ఒక చిన్న బయోమాస్ ప్లాంటులో చేశాను, పేరొద్దు. ఊక చవగ్గా దొరికినన్నాళ్లు బాగానే నడిచింది. రేటు పెరిగాక పత్తి కట్టె, మిరప కట్టె, ఏది దొరికితే అది. మిరప కట్టెలో తాలు కాయలు ఉండిపోయేవి. కన్వేయర్ దగ్గర నిలబడ్డవాడు తుమ్మి తుమ్మి, కళ్లు వాచి ఇంటికెళ్లేవాడు. షట్‌డౌన్ చేసి, చల్లారాక మ్యాన్‌హోల్లో దూరి, ట్యూబుల మధ్య గాజులా గడ్డకట్టిన క్లింకర్‌ను గునపంతో పొడిచేవాళ్లం. ఒక ముక్క మా ఇంట్లో ఇప్పటికీ ఉంది, పేపర్లు ఎగరకుండా పెడతాను.

డ్రాక్స్ వాళ్లది చెక్క. అందులో బూడిద ఒక శాతం ఉంటే గొప్ప. దాన్నీ తడవకుండా గుమ్మటాల్లాంటి గోదాముల్లో దాస్తారు. బొగ్గులాగా యార్డులో పోసి వదిలేస్తే ఒక్క వానకి పిండైపోతుంది.

పచ్చ గుంటూరు: డ్రాక్స్‌ను మరీ నెత్తిన పెట్టుకోకండి. ఆ చెక్క లూసియానా, మిసిసిపి, కెనడాల నుంచి ఓడల్లో వస్తుంది. చిమ్నీలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ యూనిట్‌కు బొగ్గు కన్నా తక్కువేం కాదు. ఆ లెక్క చెట్టు కొట్టిన దేశం ఖాతాలో పడుతుంది కాబట్టి కాల్చిన చోట సున్నా చూపిస్తారు. మన అప్పు పక్కింటివాడి పద్దులో రాసినట్టు. ఆ చెట్టు మళ్లీ పెరగాలంటే దశాబ్దాలు. కెనడా చెక్క వివరాలు సరిగా ఇవ్వలేదని అక్కడి కరెంటు రెగ్యులేటర్ తప్పుపడితే 2024లో రెండున్నర కోట్ల పౌండ్లు కట్టారు కూడా.

కొండపల్లి బొమ్మ: చెక్క కాల్చినందుకు వాళ్లకిచ్చే సబ్సిడీ తప్పుగా వెళ్లిందనడానికి ఆధారం లేదని అదే రెగ్యులేటర్ చెప్పింది, అది వదిలేశారు. అయినా పైన్ చెట్టు వేరు, వరిగడ్డి వేరు. గడ్డి మళ్లీ ఏడాదికల్లా వస్తుంది. ఎలాగూ చేలో పొగైపోయేదేగా.

తెనాలి రైతుబిడ్డ: ఆ ‘ఎలాగూ’ దగ్గర ఆగండి. చేత్తో కోసిన గడ్డి వామి వేసుకుంటాం, పరక పోదు. నిప్పు పెట్టేది మిషన్ కోసిన చేలలో. కోత అవగానే పదును ఆరకముందే మొక్కజొన్న గింజ పెట్టాలి. గడ్డి చుట్టే మిషన్ మన వంతుకు వచ్చేదాకా కూర్చుంటే అదను పోతుంది. పోయినేడు ఒక పెల్లెట్ల కంపెనీ ఏజెంటు వచ్చి కట్టలు చుట్టించి గట్టున పేర్పించాడు, లారీ రేపొస్తుందన్నాడు. ఈలోపు తుపాను. తడిసిన గడ్డి మాకొద్దని, తర్వాత ఫోనెత్తడమే మానేశాడు. కట్టలు నల్లబడి బూజు పట్టాయి. గేదె మూతి కూడా పెట్టలేదు. ఆరాక చివరికి నేనే అగ్గిపుల్ల గీశా.

పచ్చ గుంటూరు: నందిగామ వైపు సుబాబుల్ కర్ర ఉందిగా?

లెక్కల మాస్టారు: అది పేపరు మిల్లులకు పోతోంది. పోటీ పెడితే రైతుకు మంచిదే, కరెంటు రేటు మాత్రం మీరే కట్టుకోవాలి.

పాత బాయిలర్: తమ్ముడూ రైతుబిడ్డా, తడి గడ్డి మేమూ తిప్పి పంపేవాళ్లం, మీటరు గుచ్చి చూసి. ఆ లారీ డ్రైవర్ల మొహాలు గుర్తున్నాయి. 5, 7 శాతం పెల్లెట్లు బొగ్గులో కలిపి తోయడానికి నాకూ అభ్యంతరం లేదు, బాయిలర్ తట్టుకుంటుంది. పూర్తిగా గడ్డే అంటే మాత్రం ముందు మీ ఊళ్లలో పైకప్పున్న గోదాములు కట్టాలి, బాయిలర్ సంగతి తర్వాత.

తెనాలి రైతుబిడ్డ: 7 శాతమే కానివ్వండి అన్నా. తడిస్తే నష్టం ఎవరిదో కాగితం మీద రాసిచ్చేవాడుంటే చెప్పండి. ఈ డిసెంబరులో మా ఐదెకరాల గడ్డీ వాడికే.