సంఘం పెట్టినాయన విగ్రహాన్నే తీసేస్తారా?

చర్చ మొదలుపెట్టినవారు: పాతపుస్తకం
అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1847లో ఫిలడెల్ఫియాలో పుట్టడానికి ముఖ్య కారకుడు నేథన్ డేవిస్. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లే. 1883లో సంఘం పత్రికకు తొలి సంపాదకుడూ ఆయనే. అలాంటి మనిషి అర్ధవిగ్రహాన్ని, నల్లజాతి డాక్టర్లను సంఘంలోకి రానివ్వలేదన్న కారణంతో, 2021లో షికాగో ప్రధాన కార్యాలయంలో నలుగురి కంటా పడేచోటు నుంచి తీసి ఆర్కైవ్స్‌లో పెట్టారు. ఆయన పేరిట ఇచ్చే అవార్డు పేరూ మార్చారు. ఆనాటి మనిషిని ఈనాటి తూకంతో తూచడం న్యాయమేనా?

అమెరికాలో డాక్టర్
"ఆ కాలం అలాంటిది" అన్న మాట ఇక్కడ నిలవదండీ. 1870లో ఈ సంఘం వార్షిక సమావేశం వాషింగ్టన్‌లో జరిగింది. ఆ ఊళ్లోనే నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి పెట్టుకున్న నేషనల్ మెడికల్ సొసైటీ తన ప్రతినిధుల్ని పంపింది. వాళ్లలో అలెగ్జాండర్ అగస్టా ఒకరు. స్వదేశంలో సీటివ్వకపోతే టొరంటో వెళ్లి డాక్టరీ చదివి, అంతర్యుద్ధంలో మేజర్ హోదాలో సైన్యానికి సర్జన్‌గా పనిచేశారు. ఎథిక్స్ కమిటీలో డేవిస్‌తో సహా ఎక్కువమంది వాళ్లను చేర్చుకోవద్దన్నారు. నల్లవాళ్లకు సభ్యత్వమివ్వని తెల్లవాళ్ల సంఘానికి మాత్రం కుర్చీలు వేశారు. అదే కమిటీలో కొందరు ఒప్పుకోక వేరే నివేదిక ఇచ్చారు. అంటే తప్పని చెప్పిన గొంతు డేవిస్ పక్క కుర్చీలోనే ఉంది.

దాని తర్వాత ఏమైందో చూడండి. 1895లో నల్లజాతి డాక్టర్లు అట్లాంటాలో సొంత సంఘం పెట్టుకున్నారు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ అచ్చేసిన డాక్టర్ల డైరెక్టరీలో 1930ల చివరిదాకా నల్ల డాక్టరు పేరు పక్కన 'కలర్డ్' అని గుర్తు వేసేవారు. క్షమాపణ చెప్పడానికి 2008 దాకా పట్టింది.

మన డాక్టర్లు ఎక్కువగా వచ్చింది 1965 వలస చట్టం తర్వాతే, అది నల్లవాళ్ల పౌరహక్కుల ఉద్యమం నడిచిన రోజుల్లో వచ్చిన చట్టం. అందుకే నాకిది పరాయివాళ్ల గొడవలా అనిపించదు.

పాతపుస్తకం
1870 సంగతి నాకు తెలీదండీ, ఒప్పుకుంటున్నా. కానీ చదువు విషయంలో ఆయన చేసిన మేలు చిన్నది కాదు. అప్పట్లో అవే లెక్చర్లు రెండేళ్లూ వినిపించి పట్టా చేతిలో పెట్టేవారు. 1859లో ఆయనా మరికొందరూ షికాగోలో పెట్టిన కాలేజీలో ఏ ఏడాది పాఠాలు ఆ ఏడాదికి విడగొట్టారు. మూలన పెడితే ఇదంతా ఎవరికి తెలుస్తుంది?

అమెరికాలో డాక్టర్
ఆ మేలును నేనూ కాదనను, క్లాసులో చెప్పాల్సిందే. దండ వేసే చోట మాత్రం వద్దంటున్నా. 1890లో అగస్టా పోతే ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ఖననం చేశారు. సైన్యం ఇచ్చిన చోటు తోటి డాక్టర్లు ఇవ్వలేదు. డేవిస్ విగ్రహం మళ్లీ హాల్లోకి రావాలంటే పక్కనే అగస్టా పేరూ, 1870లో జరిగిందీ అంతే పెద్ద అక్షరాల్లో రాయించండి. అప్పుడు నాకు అభ్యంతరం లేదు.