సమస్య: మరకు పేరు పెట్టె మనిషి వెట్టి

ఈ వారం ఆటవెలది. నాలుగో పాదం ఇస్తున్నాను:

మరకు పేరు పెట్టె మనిషి వెట్టి

మర అంటే రోబో. 1921 జనవరి 25న ప్రాగ్ నేషనల్ థియేటర్‌లో ఆడిన చెక్ రచయిత కారెల్ చాపెక్ నాటకం ఆర్.యు.ఆర్.తో ఆ మాట లోకానికి తెలిసింది. కృత్రిమంగా తయారైన పనివాళ్ళని 'లాబోరి' అందామనుకున్నాడట ఆయన, మరీ పుస్తకాల భాషలా ఉందని నచ్చక, బొమ్మ వేసుకుంటున్న అన్న యోసెఫ్‌ని అడిగితే, ఆయన నోట్లో కుంచె ఉండగానే 'అయితే రోబోట్లు అను' అన్నాడట. చెక్‌లో రొబోత అంటే వెట్టి.

పూరణ 1

అన్న నోట పుట్టె నచ్చెకు భాషలో
వెట్టి యనెడి మాట వింత గాను
నాటకమున చేరి నలుదిక్కులకు పాకె
మరకు పేరు పెట్టె మనిషి వెట్టి

– తమ్ముడూ, గణాలూ యతులూ సరిపోయాయి, మూడో పాదం హాయిగా నడిచింది. 'పుట్టె' మాత్రం ఒప్పుకోను. రొబోత యోసెఫ్ పుట్టించిన మాట కాదు, అక్కడి రైతులు తరతరాలుగా మోసిన బరువు. దొర పొలంలో చేసే ఆ చాకిరీ వారానికి 3 రోజులు మించకూడదని చెక్ ప్రాంతమైన బొహీమియాలో 1775లో రాణి మరియా థెరెసా శాసనం చేసింది, రద్దయింది మాత్రం 1848లో. 'వింతగాను' ఉత్త పాదపూరణం. ఇలా మార్చి చూడు:

అన్న నోట దొర్లె నచ్చెకు భాషలో
వెట్టి యనెడి పాత వెతల మాట

– బాగుంది మాస్టారూ, మార్చేశాను. ఒక సందేహం. ఆ నాటకంలో రోబోట్లు ఇనుప మరలు కావు కదా, రసాయనాలతో చేసిన ఒళ్ళు వాటివి. 'మర' అనొచ్చా?

– అనొచ్చు. రోబో అంటే ఇనుప మర అన్న అర్థం తర్వాత చేరింది, ఇవాళ మన వాడుక అదే.

పూరణ 2

మాది నల్లగొండ వైపు. ఇది మా నాయనమ్మ చెప్పిన మా తాత సంగతి.

దొరల గడికి నీళ్ళు తోడిపోసిన తాత
కూలి లేదు తినగ కూడు లేదు
అతని పేరె నేడు యంత్రాల కబ్బెను
మరకు పేరు పెట్టె మనిషి వెట్టి

– అమ్మా, రెండో పాదం దగ్గర ఆగిపోయాను, అంత సూటిగా ఉంది. 'యంత్రాల' వ్యావహారికమని ఎవరైనా అంటే అననీ. కానీ 'అతని పేరె' అంటే మీ తాతగారి పేరే చెక్‌లోకి వెళ్ళిందన్న అర్థం వస్తుంది. 'అట్టి పేరె' అంటే గణం చెడదు, యతి నిలుస్తుంది, చరిత్రకీ సరిపోతుంది.

– చరిత్రకి మీరన్నదే సరి అన్నా. కానీ 'అట్టి' అనగానే పద్యంలోంచి తాత వెళ్ళిపోతున్నాడు. 'అతని' అనే ఉంచుతాను.