మే సభలో అగ్నిమాపక సిబ్బందికి సత్కారం: అమెరికాలోని ఒక సంఘం కార్యకర్తల చర్చ

సమన్వయకర్త:
కార్యవర్గం నిన్న ఆమోదించింది. మే నెల సభలో మన ఊరి అగ్నిమాపక విభాగంలో మంచి పనితనం చూపిన ఉద్యోగులను సత్కరిస్తున్నాం. పేర్లతో కాకుండా బాధ్యతలతోనే రాయండి, వచ్చే ఏడాది బృందం మారినా ఈ చర్చ వాళ్లకు పనికివస్తుంది. ముందుగా తేలవలసినవి: ఏ రోజు, ఎవరిని, ఏమి ఇవ్వాలి. బ్యానరు సంగతి ఇప్పుడే ఎత్తవద్దని మనవి. పోయినసారి దాని రంగు మీద నలభై సందేశాలు నడిచాయి, అతిథులను పిలవాలన్న సంగతి మాత్రం ఆఖరి వారంలో గుర్తొచ్చింది.

కార్యక్రమాల బాధ్యురాలు:
అసలు మే నెలే ఎందుకు, అక్టోబరులో అగ్ని నివారణ వారం ఉంది కదా అని ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు. 1871లో షికాగోను కాల్చేసిన మంటలు అక్టోబరు 8న మొదలై 9న చెలరేగాయి. ఆ 9వ తేదీ పడే వారాన్ని అమెరికాలో 1922 నుంచి పాటిస్తున్నారు. కానీ ఆ వారంలో స్టేషను వాళ్లు బడులన్నీ తిరుగుతూ పిల్లలకు పాఠాలు చెబుతుంటారు. వాళ్లకు ఊపిరాడని వారంలో వాళ్లను సన్మానానికి రమ్మనడం మన ముచ్చట తీర్చుకోవడానికే అవుతుంది.

మే 4 అంతర్జాతీయ అగ్నిమాపక సిబ్బంది దినోత్సవం. 1998 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని లింటన్ దగ్గర కార్చిచ్చు ఆర్పుతుండగా గాలి దిక్కు మారి, ఒకే బండిలో ఉన్న ఐదుగురు స్వచ్ఛంద సిబ్బంది మంటల్లో చిక్కుకుని చనిపోయారు. ఆ దుర్ఘటన తర్వాతే ఈ రోజును పాటించడం మొదలైంది. కాబట్టి మే మొదటి శనివారం.

యువజన ప్రతినిధి:
అక్కా, ఏప్రిల్ 14 అయితే? భారతదేశంలో అగ్నిమాపక సేవా దినం అదే. 1944లో ఆ రోజున బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలిపోయింది. లోపల పేలుడు పదార్థాలతో పాటు పత్తి బేళ్లు కూడా ఉన్నాయి. ఆర్పడానికి వెళ్లినవాళ్లలో 66 మంది ప్రాణాలు కోల్పోయారు.

కార్యక్రమాల బాధ్యురాలు:
మంచి విషయం గుర్తుచేశావు తమ్ముడూ. కానీ ఏప్రిల్ రెండో శనివారం హాలు దొరకదు, మూడో శనివారం పిల్లల పరీక్షలు. ఈ సంగతి స్వాగత వచనంలో చెబుదాం. రెండు వాక్యాలకు మించకుండా నువ్వే రాసి పంపు.

సంప్రదింపుల బాధ్యుడు:
హాలుకు డబ్బు కట్టేముందు షిఫ్టుల క్యాలెండరు చూడండి. ఇక్కడ 24 గంటల పని, 48 గంటల సెలవు. మూడు జట్లు వంతులవారీగా వస్తాయి. ఏ రోజు పెట్టినా ఒక జట్టు పనిలో ఉండక తప్పదు. మనం సత్కరించేవాళ్లలో ఎక్కువమంది ఆ జట్టువారే అయితే వేదిక బోసిపోతుంది.

సభ్యత్వ కార్యదర్శి:
ఎంపిక సంగతి నేను చెబుతాను. అయిదుగురి పేర్లు తెప్పించి, ఫొటోలతో సహా మన సభ్యులకు పంపి ఓటింగు పెడదాం. అందరూ పాల్గొన్నట్టు ఉంటుంది, హాజరు కూడా పెరుగుతుంది.

కోశాధికారి:
ఓటింగు పెడితే ఫొటో బాగా దిగినవారు గెలుస్తారు. ఎవరి పని ఎలాంటిదో మనకేమి తెలుసు? వాళ్లు నిచ్చెన ఎక్కడం కూడా మనం చూడలేదు. నాకు ఇది నచ్చలేదు, మొహమాటం లేకుండా చెబుతున్నాను.

బహుమతుల గురించి కూడా ఒక మాట. వాళ్లు ప్రభుత్వ ఉద్యోగులు. ఎంతవరకు పుచ్చుకోవచ్చు, ఎవరికి తెలియజేయాలి అన్నదానికి ఊరూరా వేర్వేరు నియమాలుంటాయి. మన నగర న్యాయ విభాగానికి లేఖ రాశాను. జవాబు వచ్చేదాకా ఏదీ కొనవద్దు. నగదు, గిఫ్టు కార్డుల ఆలోచన మాత్రం ఈ క్షణమే మానుకుందాం. మనం అభిమానంతో ఇచ్చినది వాళ్లకు సంజాయిషీ చెప్పుకోవలసిన వ్యవహారం కాకూడదు.

సంప్రదింపుల బాధ్యుడు:
నిన్న సాయంత్రం ఫోను చేసి, రమ్మన్నాకే స్టేషనుకు వెళ్లాను. కెప్టెన్ గారు కుర్చీ చూపించి, ఎవరిని సత్కరిద్దామనుకుంటున్నారని అడిగారు. మీలో అందరికన్నా గొప్పగా పనిచేసినవారిని అన్నాను. ఆయన మొహంలో సంతోషమేమీ కనబడలేదు. "మా పనిలో ఒక్కడుగా ఎవరూ లోపలికి వెళ్లరు" అన్నారు. మంటల్లోకి ఇద్దరికి తక్కువ కాకుండా వెళ్లాలి, వాళ్లను కాపాడటానికి బయట మరో ఇద్దరు సిద్ధంగా ఉండాలి. ఇది ఇక్కడి కార్మిక భద్రతా నిబంధన. ఫొటోలో పడేది గొట్టం పట్టుకున్న మనిషి. ఆ గొట్టంలో నీళ్ల ఒత్తిడి తగ్గకుండా బండి పక్కన నిలబడి పంపు చూసుకునే డ్రైవరు ఏ ఫొటోలోనూ ఉండడు.

ఈ మాట మధ్యలోనే గంట మోగింది. గోడ వారగా బూట్ల జతలు వరుసగా పెట్టి ఉన్నాయి. ప్యాంటు కాళ్లు వాటి మీదికి మడిచి దించి ఉంచుతారు. బూట్లలో కాళ్లు దూర్చి పైకి లాగితే రెండూ ఒకేసారి పడతాయి. నేను కుర్చీలోంచి లేచి పక్కకు తప్పుకునేలోపే నలుగురూ బండిలో ఉన్నారు. గంట విన్నాక బండి కదలడానికి మంటలకైతే 80 సెకన్లు, వైద్య సహాయానికైతే 60 సెకన్లు అని అమెరికా జాతీయ అగ్ని రక్షణ సంఘం (ఎన్‌ఎఫ్‌పీఏ) ప్రమాణం చెబుతోంది. కెప్టెన్ గారు రాసుకుంటున్న కాగితం మీద వాక్యం సగంలో ఆగి ఉంది, కలానికి మూత కూడా లేదు. నలభై నిమిషాలకు తిరిగొచ్చారు. ఎవరో పెద్దావిడ మెట్ల మీద పడిపోయారట. దేశం మొత్తం మీద వీళ్లకు వచ్చే పిలుపుల్లో మూడింట రెండు వంతులు ఇలాంటి వైద్యపరమైనవే, మంటలు చాలా తక్కువ. కూర్చుని, ముందు ఆ వాక్యం పూర్తిచేసి, "ఎక్కడ ఉన్నాం?" అన్నారు.

అప్పుడు ఒక ఉద్యోగి గురించి చెప్పారు. మంటల దగ్గరికి వెళ్లడు. గాలి సిలిండర్లు నింపి, మాస్కులు పరీక్షించి, మసి పట్టిన దుస్తులు ఉతికించి, చిరుగులు చూసి తిరిగి అప్పగించడం ఆయన పని. ఒక మాస్కు అంచున వెంట్రుక మందం పగులు చూసి పక్కన పెట్టేశాడట. అది వేసుకుని ఎవరైనా పొగలోకి వెళ్లి ఉంటే ఏమయ్యేదో కెప్టెన్ గారు చెప్పలేదు, నేను అడగలేదు. "అతన్ని మీరు పిలుస్తారా?" అని మాత్రం అడిగారు.

సమన్వయకర్త:
ఓటింగు లేదు. ఇక దీని మీద చర్చ వద్దు. పేర్లు విభాగం వాళ్లే ఇస్తారు. వ్యక్తి కాకపోతే ఒక జట్టు మొత్తాన్ని పంపినా మనకు సమ్మతమే. మన వైపు నుంచి అడిగేది ఒక్కటే: బయటివాళ్ల కంట పడని పని చేసేవాళ్లు కనీసం ఇద్దరు ఉండాలి. సభ్యత్వ కార్యదర్శి గారూ, నొచ్చుకోకండి. హాజరు పెంచే ఉపాయం మీరే ఇంకొకటి చెప్పాలి.

సభ్యత్వ కార్యదర్శి:
నొచ్చుకోలేదు. ఆ పగులు సంగతి చదివాక ఓటింగు ఆలోచన నాకే చిన్నగా అనిపించింది.

పిల్లల కార్యక్రమాల బాధ్యురాలు:
ఫైరింజను వస్తుందిగా! పిల్లలకు హెల్మెట్లు, కోట్లు తొడిగించి ఫొటోలు తీద్దాం. ఆ సరంజామా అంతా తగిలించుకుంటే 20 కిలోల పైమాటేనట, పెద్ద పిల్లలు మోసి చూస్తారు.

వైద్య శిబిరం బాధ్యుడు:
వాడిన కోట్లు వద్దమ్మా. పొగలోని విష పదార్థాలు ఆ బట్టకు పట్టుకుని ఉంటాయి. అగ్నిమాపక వృత్తిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేరుస్తున్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2022లో ప్రకటించింది. ఒకప్పుడు మసిబారిన హెల్మెట్టు గొప్పగా చెప్పుకునే గుర్తు, ఇప్పుడు ఆ మసిని ఎంత త్వరగా కడిగితే అంత మంచిదంటున్నారు. పిల్లలకు ప్లాస్టిక్ టోపీలు చాలు.

మీకు మంచి కార్యక్రమమే కావాలంటే, ఒకరిని పూర్తి దుస్తుల్లో, ముఖానికి మాస్కుతో పిల్లల ముందుకు నెమ్మదిగా రమ్మనండి. మాస్కులోంచి వచ్చే ఊపిరి చప్పుడుకు పిల్లలు భయపడతారు; నిజంగా పొగ కమ్మినప్పుడు కాపాడటానికి వచ్చినవాళ్లను చూసే మంచం కింద దాక్కుంటారు. ఒకసారి చూస్తే ఆ భయం పోతుంది. ఇంకొకటి, ఆ దుస్తులకు ఒక అలారం ఉంటుంది. మనిషి సుమారు అర నిమిషం కదలకపోతే అదే మోగుతుంది. వేదిక మీద నిలబెట్టి మన పెద్దల చేత ప్రసంగాలు వినిపించామా, అది మోగడం ఖాయం.

స్వాగత బృందం సభ్యురాలు:
నేను ఇన్నాళ్లు చదువుతూ ఊరుకున్నాను. ఒక పేరు చేర్చమని అడగాలనుంది, కానీ ఆ పేరు నాకు తెలియదు.

రెండేళ్ల కిందట మా నాన్నగారు వంటింట్లో కుప్పకూలిపోయారు. అమ్మ, నేను తప్ప ఇంట్లో ఎవరూ లేరు. అత్యవసర నంబరు 911కు ఫోను చేస్తే ఒకావిడ తీశారు. చిరునామా అడిగారు, ఊపిరి తీసుకుంటున్నారా అని అడిగారు. తర్వాత ఫోనును స్పీకరులో పెట్టి నేల మీద ఉంచమన్నారు. ఛాతీ మధ్యలో ఒక అరచేయి, దాని మీద రెండోది, మోచేతులు వంచకుండా. ఆవిడ లెక్కపెడుతుంటే నేను నొక్కాను. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతు నొక్కాలని తర్వాత సీపీఆర్ శిక్షణలో నేర్చుకున్నాను. ఆ రోజు నాకు తెలిసింది ఆవిడ గొంతులోని వేగం ఒక్కటే. నా చేతులు పడిపోతుంటే "ఇంకో పది" అనేవారు. పది అయ్యాక మళ్లీ "ఇంకో పది". తలుపు తీసి ఉందా అని అడిగారు, అమ్మ వెళ్లి తీసింది. బూట్ల చప్పుడు వినగానే "వాళ్లు వచ్చేశారు, ఇక మీరు లేవండి" అని ఫోను పెట్టేశారు.

నాన్నగారు బతికారు. బండిలో వచ్చినవాళ్లకు తర్వాత వెళ్లి కృతజ్ఞతలు చెప్పుకున్నాం. ఆ గొంతు ఎవరిదో నాకు తెలియదు. మా నాన్నగారు ఉన్నారో లేరో ఆవిడకూ తెలియదు.

కోశాధికారి:
అమ్మా, తప్పుగా అనుకోవద్దు, కార్యవర్గం ఆమోదించింది అగ్నిమాపక విభాగం ఉద్యోగులకు అని. ఇక్కడ 911 కేంద్రం కౌంటీది (జిల్లా లాంటిది), విభాగం వేరు.

స్వాగత బృందం సభ్యురాలు:
తెలుసండీ. అందుకే ఇన్నాళ్లు రాయలేదు.

కోశాధికారి:
లేదు, రాసి మంచిపని చేశారు. తీర్మానంలో ఒక పదం మార్చితే సరిపోతుంది. ఈ రాత్రే ప్రతిపాదన పంపుతాను, వ్యతిరేకించేవారు ఉంటే నాకు ఫోను చేయండి.

సంప్రదింపుల బాధ్యుడు:
ఆ ఫోను చేసిన తేదీ, సమయం, చిరునామా నాకు విడిగా పంపండి, ఇక్కడ రాయవద్దు. వాటితో ఆ పిలుపు ఎవరు తీశారో కేంద్రం వాళ్లు కనుక్కోగలరు. పేరు మనకు చెప్పాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టం. వేదిక మీద ఈ కథ చెప్పాలంటే ముందు నాన్నగారు ఒప్పుకోవాలి. సిబ్బంది వైపు నుంచి రోగి వివరాలు బయటపెట్టే వీలు లేదు, కాబట్టి చెబితే మీ కుటుంబమే చెప్పాలి.

కోశాధికారి:
నగర న్యాయ విభాగం జవాబిచ్చింది. పేరు చెక్కిన జ్ఞాపిక, ప్రశంసాపత్రం ఇవ్వవచ్చు. ఇంకేదీ వద్దన్నారు. వాళ్లు చెప్పినదాంట్లో నాకు విలువైనదిగా తోచింది వేరే ఉంది. ఉద్యోగి చేసిన పనిని వివరంగా రాసి అగ్నిమాపక విభాగం చీఫ్‌కు లేఖ పంపితే అది ఆ ఉద్యోగి ఫైలులో చేరుతుంది. జ్ఞాపిక అలమారలోకి వెళ్తుంది, లేఖ పదోన్నతి అడిగే రోజున బల్ల మీదికి వస్తుంది. కాబట్టి లేఖలు రాసేవాళ్లు "నిస్వార్థ సేవామూర్తి" లాంటివి పక్కనపెట్టి ఏ రోజున, ఏ పిలుపుకు, ఏమి చేశారో రాయండి.

సమన్వయకర్త:
చీఫ్ గారి జాబితా వచ్చింది. ఒక జట్టులో నలుగురు, భవనాల తనిఖీ అధికారి ఒకరు, సిలిండర్ల ఆయన. జట్టువాళ్లు ఆ శనివారం పనిలోనే ఉంటారట, అయినా బండితో సహా వస్తామన్నారు. అందుకని పార్కింగు బృందానికి: బండి ముఖం రోడ్డు వైపు ఉండాలి, దాని ముందు కారు కాదు కదా, సైకిలు కూడా ఆగకూడదు. వాళ్ల కుర్చీలు తలుపు పక్కనే. రేడియోలు మోగుతుంటాయి, మైకు దగ్గరివాళ్లు చిరాకుపడవద్దు. సత్కారం మొదటి అంశం, మన నివేదికలు, ప్రసంగాలు అన్నీ దాని తర్వాతే.

వ్యాఖ్యాత:
మధ్యలో పిలుపు వచ్చి వెళ్లిపోతే? ఖాళీ కుర్చీల వైపు చూసి చప్పట్లు కొట్టిద్దామా?

సంప్రదింపుల బాధ్యుడు:
వద్దు. ఎవరి ఇంట్లో ఏమైందో తెలియని క్షణంలో చప్పట్లు బాగుండవు. దారి ఇచ్చి, తర్వాతి అంశానికి వెళ్లండి. జ్ఞాపికలు నేను వాళ్ల తర్వాతి షిఫ్టుకు స్టేషనుకు తీసుకెళ్తాను.

ఇంకొకటి, 911 కేంద్రం నుంచి ఆవిడ ఫోను చేశారు. వస్తానన్నారు. తన పేరు వేదిక మీద చెప్పవచ్చన్నారు, మాట్లాడమని మాత్రం అడగవద్దన్నారు. పెట్టేసేముందు కాసేపు ఆగి, ఆ ఇంట్లో పెద్దాయన ఎలా ఉన్నారని అడిగారు. శనివారం మీ పక్క కుర్చీలో కూర్చుంటారని చెప్పాను.

స్వాగత బృందం సభ్యురాలు:
నాన్నగారు ఒప్పుకున్నారు. ఎడమ చెవి సరిగా వినబడదు, ఆవిడ కుర్చీ ఆయనకు కుడివైపున వేయండి.