మొదటి సోలోలో ముక్కు చక్రం విరిగింది: తప్పెవరిది?

గాలివాటం: మా బ్యాచ్ కుర్రాడు మొన్న మొదటి సోలోలో, అంటే పక్కన ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా, సెస్నా 172 శిక్షణ విమానాన్ని దించుతూ బౌన్స్ అయ్యాడు. మూడో బౌన్స్‌కి ముక్కు చక్రం విరిగి ప్రొపెల్లర్ నేలకు తగిలింది. మనిషికేం కాలేదు. ఇన్‌స్ట్రక్టర్ తప్పంతా వాడిదే అంటున్నారు. మీరేమంటారు?

పాతకాపు: ముందు అప్రోచ్ స్పీడ్, అంటే దిగడానికి వస్తున్నప్పటి వేగం, చెప్పండి.

గాలివాటం: ఫుల్ ఫ్లాప్స్ (రెక్కల వెనక పలకలు పూర్తిగా దించి), 70 నాట్లట.

పాతకాపు: అదీ సంగతి. పక్క సీటు ఖాళీ, బరువు తగ్గింది. 70తో వస్తే తేలుతూనే ఉంటుంది. 65 అయినా ఎక్కువే.

నీలిమబ్బు: 70 కాదండీ కొంప ముంచింది. బౌన్స్ కాగానే ముక్కు కిందికి నొక్కాడు. నేల మీదికొస్తుంటే చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది, నాకూ పోయింది. ఒకసారి భయపడి గో-అరౌండ్ చేస్తే, అంటే దిగకుండా మళ్ళీ పైకి లేపితే, మా సార్ అందరి ముందూ "చక్కటి ల్యాండింగ్ పాడుచేశావ్" అని తిట్టారు. ఆ తర్వాత ఎన్ని బౌన్స్‌లైనా పైకి లేపడానికి థ్రాటిల్ (ఇంజిన్ పవర్ పెంచే పిడి) ముట్టుకోలేదు.

పాతకాపు: మీ తిట్లకీ దీనికీ ఏం సంబంధం? స్పీడ్ సరిగ్గా ఉంటే బౌన్సే రాదు.

రెంచి: ప్రొపెల్లర్ తగిలిందంటే ఇంజిన్ విప్పి క్రాంక్‌షాఫ్ట్ (ప్రొపెల్లర్‌ని తిప్పే ఇరుసు) చూడాల్సిందే. ఫైర్‌వాల్ (ఇంజిన్ వెనక ఉండే గోడ) కూడా చూడమనండి, 172లో ముక్కు కాలు దానికే బిగిస్తారు.

నీలిమబ్బు: సార్, ఒంటరిగా ఉంటే ఎక్కువ తేలుతుందని సోలోకి ముందు వాడికి ఎవరు చెప్పాలి?

పాతకాపు: మీరెంతమందిని సోలోకి పంపారు? నేర్పినవాణ్ణి అనడం తేలిక.

నీలిమబ్బు: ఒక్కర్నీ పంపలేదు. బౌన్స్ అయితే ఫుల్ పవర్ ఇచ్చి మళ్ళీ చుట్టు తిరిగి రమ్మని మీరు ఎన్నిసార్లు చేయించారో చెప్పండి చాలు.

పాతకాపు: చేయించలేదు. నా దగ్గరా ఒకడికి ఇలాగే అయింది. కాస్త ఎగిరితే చాలు, యోక్ (విమానం నడిపే చక్రం) నేనే పట్టేసుకునేవాణ్ణి. ల్యాండింగ్‌లన్నీ వాడివే అనుకున్నాను, వాడూ అలాగే అనుకున్నాడు. కానీ విమానం విరగ్గొట్టుకోమని వదిలెయ్యలేం కదమ్మా.

నీలిమబ్బు: వదిలెయ్యమనలేదు సార్. మీరు పట్టుకున్నారని వాడికి చెప్పాల్సింది.

గాలివాటం: ఇవాళ వాణ్ణే అడిగాను, థ్రాటిల్ ఎందుకు నొక్కలేదని. "చుట్టు తిరిగొస్తే సోలో లెక్కలోకి రాదనుకున్నా" అన్నాడు.