టస్కనీలో పొలం మధ్య ఇల్లు: దేన్ని చూసి తీసుకోవాలి?

అందరికీ నమస్తే. మేం మ్యూనిక్ వచ్చి మూడు నెలలైంది. పెళ్లయ్యాక ఇద్దరం ఎక్కడికీ వెళ్లలేదు. మే నెలలో ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో, పొలాల మధ్య ఇంట్లో ఒక వారం ఉండాలని మా ఆవిడ కోరిక. ఫొటోలన్నీ ఒకేలా ఉన్నాయి. ఏం చూసుకోవాలో చెప్పండి.

— తమ్ముడూ, ఇంటికన్నా ముందు ఇంటికెళ్లే దారి చూడు. మేం మొదటిసారి అక్కడి పియెంజా అనే ఊరి దగ్గర తీసుకున్నాం. 'ఊరికి ఐదు నిమిషాలు' అని రాశారు. చేరేసరికి రాత్రి పది. తారురోడ్డు అయిపోయాక మూడు కిలోమీటర్లు తెల్ల కంకర బాట, ఒక పక్క లోయ, ఎక్కడా దీపం లేదు. మా ఆయన దిగి ఫోన్ లైటుతో ముందు నడిస్తే నేను వెనకాల బండి నడిపాను. ఆ రాత్రి ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు. కంకర బాట ఎంత, కిరాణా కొట్టు ఎంత దూరం అని ఓనర్‌ని ముందే అడుగు. పగలే చేరుకో. కారు తప్పనిసరి. దగ్గర్లోని క్యూసి అనే ఊరి దాకా రైలుంది గానీ, అక్కణ్నుంచి బస్సుల్ని నమ్ముకుని పల్లెల్లో తిరగలేరు. ఇండియా లైసెన్సుతో నడిపితే ఐడీపీ (అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్) ఉండాలి, అది ఇండియాలో ఆర్టీవో ఇచ్చేది. పాత ఊళ్ల మొదట్లో జెడ్‌టీఎల్ (అనుమతి లేని బళ్లు పోకూడని ప్రాంతం) బోర్డు కనిపిస్తే లోపలికి పోవద్దు, కెమెరా ఉంటుంది. జరిమానా నెలల తర్వాత ఇంటికొస్తుంది.

నా మాట విని 'అగ్రితురిజ్మో' తీసుకో, అంటే రైతులు తమ పొలంలోనే అతిథులకిచ్చే బస. 2006 చట్టం ప్రకారం అది నడిపేవాళ్లకు సేద్యమే ప్రధానంగా ఉండాలి. అందుకే ఇంటివాళ్లు సాధారణంగా అక్కడే ఉంటారు. మేం రైస్ కుక్కర్, ఓవెన్, వాషింగ్ మెషీన్ ఒకేసారి వేశాం, కరెంటు పోయింది. అక్కడ ఇళ్లకు మామూలుగా 3 కిలోవాట్లే ఇస్తారు. ఓనరమ్మ పిండి చేతులతోనే వచ్చి మీటర్ మీట పైకి నెట్టింది, కుక్కర్ మూత తీసి అన్నం వాసన చూసింది. మర్నాడు నన్ను పిలిచి 'పీచి' అనే పాస్తా చేయడం చూపించింది. పిండి ముద్దను బల్ల మీద అరచేత్తో సాగదీస్తూ పేనడమే, అచ్చం మన దీపం వత్తుల్లాగే. నేను చేసినవి చూసి ఆమె ఎంత సంబరపడిందో!

డబ్బు సంగతి: 2025 నుంచి ప్రకటనలో సీఐఎన్ అనే ప్రభుత్వ గుర్తింపు నంబరు ఉండాలి. అది లేకుండా నేరుగా ఖాతాకు అడ్వాన్స్ పంపమంటే వదిలెయ్. మనిషికి, రాత్రికి ఇంత అని టూరిస్టు పన్ను, చివర్లో క్లీనింగ్, చలి ఉంటే హీటింగ్ విడిగా పడొచ్చు. మేలో రాత్రుళ్లు చల్లగానే ఉంటాయి.

— అక్క అన్నీ చెప్పారు, రెండు కలుపుతాను. పాస్‌పోర్టులు, రెసిడెన్స్ కార్డులు అసలువి పట్టుకెళ్లండి. అతిథుల వివరాలు ఇంటివాళ్లు పోలీసులకు పంపాలి. మీరు శాకాహారులైతే పెకొరీనో అనే గొర్రెపాల చీజ్ అడిగి కొనండి, చాలావరకు గొర్రెపిల్ల, దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో (పాలను గడ్డకట్టించే పదార్థం) చేస్తారు. అక్కడి రొట్టెలో ఉప్పు వేయరు, ఆవకాయతో మాత్రం భలే ఉంటుంది.

— తమ్ముడూ, ఇంకోటి. జూలై, ఆగస్టుల్లో చాలామంది శనివారం నుంచి శనివారానికే ఇస్తారు, మేలో మూడు నాలుగు రాత్రులకూ ఇస్తారు. అప్పటికి గోధుమ చేలు ఇంకా పచ్చగానే ఉంటాయి, గట్ల మీద ఎర్రటి పాపీ పూలు. ఈత కొలను మీద మాత్రం ఆశ పెట్టుకోకు, నీళ్లు ఇంకా చల్లగా ఉంటాయి.