బడి పాఠాల సైటు: జేక్వెరీ, ఫాంట్లు మన సర్వర్‌లోనే ఉంచాలా, సీడీఎన్ నుంచి తెప్పించాలా?

పాఠశాల_పలక:
మేము ఆరు నుంచి పదో తరగతి వరకు గణితం, భౌతికశాస్త్రం పాఠాలను తెలుగులో అందించే చిన్న సైటును స్వచ్ఛందంగా నడుపుతున్నాము. అవే పేజీలను నెట్ సదుపాయం లేని బడులకు పెన్‌డ్రైవ్‌లో కూడా పంపిస్తాము. పేజీలో కదలికల కోసం జేక్వెరీ, మెనూల వంటి వాటి కోసం బూట్‌స్ట్రాప్, సమీకరణాల కోసం మ్యాథ్‌జాక్స్, అక్షరాల కోసం మండలి ఫాంటు ప్రస్తుతం బయటి సీడీఎన్‌ల నుంచి, అంటే ఫైళ్ళను పాఠకుడికి దగ్గరలోని సర్వర్ల నుంచి అందించే సేవల నుంచి, వస్తున్నాయి. పెన్‌డ్రైవ్ ప్రతిని తయారుచేసిన ప్రతిసారీ ఎవరో ఒకరు కూర్చుని ఆ చిరునామాలను చేత్తో మారుస్తున్నారు, ఎక్కడో ఒకటి మిగిలిపోతూనే ఉన్నది. అందుకని అమరికల ఫైలులో "స్థానికం", "దూరం" అని ఒక మీట పెట్టి, సైటును బిల్డ్ చేసేటప్పుడే (పేజీలన్నీ కూర్చి తయారుచేసేటప్పుడే) లింకులన్నీ దాని ప్రకారం పడేలా చేయబోతున్నాము. పెన్‌డ్రైవ్ విషయంలో సందేహం లేదు, అది స్థానికమే. నెట్‌లో ఉండే సైటుకు ఆ మీట ఎటు ఉండాలన్నదే ప్రశ్న. మా సర్వర్ ముంబైలో ఉన్నది, చవక షేర్డ్ హోస్టింగ్. చదివేవారిలో ఎక్కువమంది రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలు, కొంతమంది అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు.

కరకట్ట:
రెండింటికీ స్థానికమే పెట్టండి, అప్పుడు మీట అవసరమే ఉండదు. పిల్లలు చూసే సైటులో ఎవరో పరాయివారి సర్వర్ నుంచి వచ్చే జావాస్క్రిప్టును నడపడం అంటే, ఆ సర్వర్ ఈరోజు ఎవరి చేతిలో ఉన్నదో, రేపు ఎవరి చేతికి పోతుందో తెలియకుండానే వారికి మీ పేజీ మీద పూర్తి అధికారం ఇవ్వడం. పాత బ్రౌజర్లలో లేని సదుపాయాలను సమకూర్చే స్క్రిప్టును అందించిన పాలిఫిల్ డాట్ ఐఓ సంగతి గుర్తు చేసుకోండి. 2024 ఫిబ్రవరిలో ఆ డొమైన్ చేతులు మారింది. జూన్ నాటికి అదే చిరునామా నుంచి వచ్చే స్క్రిప్టు మొబైల్ పాఠకులను జూదం సైట్లకు మళ్ళించడం బయటపడింది. అప్పటికి లక్షకు పైగా సైట్లు దాన్ని వాడుతుండేవి. ఆ సైట్ల యజమానులు తమ ఫైళ్ళలో ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

మేఘమాల:
ఒక్క దుర్ఘటనను చూపించి ఒక పద్ధతినంతా కొట్టిపారేయడం న్యాయం కాదు. జేక్వెరీ వంటి కోడ్ గ్రంథాలను (లైబ్రరీలను) వేలాది సైట్లు ఒకే సీడీఎన్ నుంచి తీసుకుంటాయి కనుక, మీ పాఠకుడి బ్రౌజర్‌లో ఆ ఫైలు ఇంతకుముందే దాచి ఉంటుంది, మీ పేజీ తెరిచినప్పుడు మళ్ళీ దిగుమతి చేసుకోవలసిన పని ఉండదు. పల్లెటూళ్ళో ఒకటి రెండు గీతల సిగ్నల్ మీద పాఠం తెరిచే పిల్లవాడికి ఇది చిన్న విషయం కాదు. భద్రత గురించి భయమైతే ఇంటెగ్రిటీ లక్షణం ఉన్నది. ఫైలు హాష్‌ను (దాని వేలిముద్ర వంటి గుర్తును) ట్యాగులో రాస్తే, అవతల ఒక్క బైటు మారినా బ్రౌజర్ దాన్ని నడపదు. ఇది 2016 నుంచి వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణం. వాడకుండా భయపడటం ఎందుకు?

కరకట్ట:
సైట్లన్నిటికీ కలిపి బ్రౌజర్ ఫైళ్ళను దాచే ఆ ఉమ్మడి దాపు (క్యాష్) అనేది ఇప్పుడు లేదు. సఫారీ 2013లోనే దాన్ని సైటు వారీగా విడగొట్టింది. క్రోమ్ 2020 అక్టోబరులో 86వ కూర్పుతో, ఫైర్‌ఫాక్స్ 2021 జనవరిలో 85వ కూర్పుతో అదే పని చేశాయి. వేరే సైటులో దిగిన జేక్వెరీ ఈ సైటుకు పనికిరాదు. ఒకే ఫైలు, ఒకే చిరునామా అయినా ప్రతి సైటుకూ విడిగా దిగవలసిందే. ఇక ఇంటెగ్రిటీ సంగతి: పాలిఫిల్ సర్వర్ ఒక్కో బ్రౌజర్‌కు ఒక్కో రకమైన ఫైలును ఇచ్చేది, కనుక దానికి హాష్ రాయడమే సాధ్యం కాదు. గూగుల్ ఫాంట్స్ సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని చెప్పే ఫైలు) కూడా బ్రౌజర్‌ను బట్టి మారుతుంది. మీరు చెప్పిన తాళం పడని తలుపులే ఎక్కువగా వాడుతున్నారు.

సిరిసిల్ల_చీర:
దాపు విడగొట్టడం గురించి కరకట్ట గారు చెప్పినది నిజం. ఐదేళ్ళు దాటినా ఈ వాదన ఇంకా ప్రతి పాఠ్యాంశంలోనూ కనిపిస్తూనే ఉన్నది.

మేఘమాల:
సరే, దాపు పక్కన పెట్టండి. దూరం మాటేమిటి? సర్వర్ ముంబైలో ఉంటే అమెరికాలో ఉన్న పాఠకుడికి ఒక్కసారి వెళ్ళి రావడానికే దాదాపు 200 మిల్లీసెకండ్లు పడుతుంది. సీడీఎన్‌కు అతని ఊరి దగ్గరలోనే సర్వర్ ఉంటుంది. షేర్డ్ హోస్టింగ్‌లో, పొరుగు సైటు ఏదో బరువు ఎత్తుకున్నప్పుడు మీ బొమ్మలూ ఫాంట్లూ కూడా నత్తనడక నడుస్తాయి. ఈ ఇబ్బంది నేను అనుభవించినదే. పరీక్ష ఫలితాల రోజున మా సైటు పేజీ రాక, అందరి మాటలూ పడ్డాను.

కరకట్ట:
పేజీ ముంబై నుంచే వస్తున్నది కదా. అది రాకపోతే జేక్వెరీ డల్లాస్ నుంచి వచ్చి ఏం చేస్తుంది? పేజీ కోసం తెరిచిన సంధానం మీదనే మిగిలిన ఫైళ్ళూ వస్తే సరిపోయే చోట, కొత్త డొమైన్ కోసం మళ్ళీ డీఎన్ఎస్‌లో చిరునామా వెతకాలి, మళ్ళీ టీసీపీ సంధానం, మళ్ళీ టీఎల్ఎస్ రహస్య లిపి ఒప్పందం. మీ ఫలితాల రోజు కథలో కూడా ముందు పడిపోయినది మీ సర్వరే.

ఉప్పాడ:
మొత్తం సైటునే మీ సొంత డొమైన్ మీద ఒక సీడీఎన్ వెనక పెట్టవచ్చు. ఫైళ్ళన్నీ మీవే, చిరునామా మీదే, పాఠకుడికి మాత్రం దగ్గర నుంచి అందుతాయి. స్థిరమైన పేజీలకు ఉచిత సేవలు కూడా ఉన్నాయి. వేగం గురించి ఇంత చర్చ అవసరం లేదని నా అభిప్రాయం.

బెర్లిన్_బాబాయి:
ఐరోపాలో కూడా పాఠకులు ఉంటే ఒక విషయం గమనించండి. 2022 జనవరి 20న మ్యూనిక్ ప్రాంతీయ న్యాయస్థానం, గూగుల్ ఫాంట్స్‌ను దూరం నుంచి వాడిన సైటు పాఠకుడి ఐపీ చిరునామాను అనుమతి లేకుండా గూగుల్‌కు చేరవేసిందని తేల్చి, 100 యూరోల పరిహారం ఇమ్మన్నది. ఆ తరువాత ఇక్కడ చిన్న దుకాణాలవారికి కూడా హెచ్చరిక లేఖలు వచ్చిపడ్డాయి. ఫాంటును సొంత సర్వర్‌లో పెట్టుకుంటే ఆ గొడవే లేదు.

గుణింతం:
ఫాంటు సొంతంగా పెట్టుకోవడానికి ఆటంకమేమీ లేదు. మండలి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద వచ్చినదే, లైసెన్సు ఫైలును పక్కనే ఉంచితే చాలు. జాగ్రత్త వేరే చోట కావాలి. ఫాంటు బరువు తగ్గించడానికి దొరికిన ఉపకరణమల్లా వాడితే, వాటిలో కొన్ని లాటిన్ లిపిని మనసులో పెట్టుకుని చేసినవి కనుక, అక్షరాలు కలిసినప్పుడు వాటి రూపం మార్చే జీసబ్ పట్టికను అదనపు సామానుగా భావించి తీసేస్తాయి. ఆ పట్టిక పోతే వత్తులు కిందికి దిగవు. "శక్తి", "ఘర్షణ" వంటి మాటలు పొల్లులతో విడిపోయి కనిపిస్తాయి. భౌతికశాస్త్రం పాఠాలకు అంతకన్నా అవమానం లేదు. అలాగే తెలుగు యూనికోడ్ విభాగంలోని 128 స్థానాలు ఉంచుకుంటే చాలని అనుకోకండి. గూగుల్ ఇచ్చే తెలుగు భాగంలో, పొల్లును విడిగా నిలిపే కనిపించని అక్షరం జెడ్‌డబ్ల్యూఎన్‌జే కూడా ఉంటుంది. "సాఫ్ట్‌వేర్" వంటి మాటలు రాసేటప్పుడు వాడేది దాన్నే. వెబ్ ఫాంట్ల రూపమైన వాఫ్2గా మార్చి, అక్షరాలేవీ తీసేయకుండా పెట్టుకోవడమే నా సలహా.

పెన్నాతీరం:
పెన్‌డ్రైవ్ గురించి ఎవరూ మాట్లాడలేదు. ఫైల్ అనే ప్రోటోకాల్‌తో తెరిచిన పేజీలో, ముందు హెచ్‌టీటీపీఎస్ లేకుండా రెండు ఏటవాలు గీతలతో మొదలయ్యే పాత లింకులు పనిచేయవు, బ్రౌజర్ వాటి కోసం డిస్కులోనే వెతుకుతుంది. ఇంకొకటి. దూరపు ట్యాగులో రాసిన క్రాస్ఆరిజిన్ లక్షణాన్ని మీట తిప్పినప్పుడు తీసేయకపోతే, క్రోమ్ పక్కనే ఉన్న స్థానిక ఫైలును కూడా తిరస్కరిస్తుంది. కనుక మీట చిరునామాను మాత్రమే మారిస్తే చాలదు, ట్యాగును మొత్తంగా తిరిగి రాయాలి.

పాఠశాల_పలక:
పెన్నాతీరం గారికి ధన్యవాదాలు. కిందటి ప్రతిలో బూట్‌స్ట్రాప్ మెనూలు తెరుచుకోకపోవడానికి కారణం అదే అయి ఉండాలి, మా లింకులలో ఆ లక్షణం అలాగే మిగిలిపోయింది.

మేఘమాల:
అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కనుక, స్థానికం పెట్టుకున్న సైట్లు నిజంగా ఏమవుతాయో నేను చెబుతాను. ఎవరో ఉత్సాహవంతుడు ఒకరు వచ్చి అన్నీ దించి ఒక అరలో పెడతారు. ఫైలు పేరులో కూర్పు సంఖ్య కూడా ఉండదు. ఆరంభశూరత్వం తీరిన తరువాత ఆయన వెళ్ళిపోతారు. జేక్వెరీలో స్క్రిప్టులు చొరబడే లోపాన్ని 2020 ఏప్రిల్‌లో 3.5.0 కూర్పుతో సరిచేస్తే, ఆ అరలో ఉన్న 1.7 మాత్రం కదలదు. సీడీఎన్ అయితే కనీసం చిరునామాలో కూర్పు సంఖ్య కళ్ళకు కనిపిస్తుంది, చూసినవారికి సిగ్గు వేస్తుంది.

కరకట్ట:
సిగ్గు వేయడం భద్రతా ఏర్పాటు కాదు. సీడీఎన్ లింకు మాత్రం తనంతట తాను కొత్త కూర్పుకు మారుతుందా? కూర్పు రాసిన లింకు ఎప్పటికీ ఆ కూర్పునే ఇస్తుంది. కూర్పు రాయకుండా ఎప్పటికప్పుడు కొత్తది ఇచ్చే "జేక్వెరీ లేటెస్ట్" అనే లింకు ఒకటి ఉండేది. అది సైట్లను విరగ్గొడుతున్నదని 2014లో జేక్వెరీవారే దాన్ని 1.11.1 దగ్గర స్తంభింపజేశారు. అన్నీ తెలిసి కూడా మీరు సోమరితనానికి సీడీఎన్ అని పేరు పెడుతున్నారు.

మేఘమాల:
సోమరితనం అన్న మాట మీ నోట రావడం వింతగా ఉన్నది. ఇంతవరకు చెప్పకూడదనుకున్నాను. కొన్నేళ్ళ క్రితం ఒక సాంస్కృతిక సంఘం సైటుకు అన్నీ స్థానికంగా అమర్చినది మీరే. ఆ తరువాత దాన్ని నెత్తిన వేసుకున్నది నేను. ఆ జేక్వెరీ ఫైలు లోపల ఎవరో నాలుగు పంక్తులు చేత్తో మార్చి ఉన్నారు, వ్యాఖ్య లేదు, తేదీ లేదు. కొత్త కూర్పు పెడితే బొమ్మల వరుస ఆగిపోతుంది, పెట్టకపోతే తనిఖీ చేసినవారి నివేదికలో ఎర్ర గీత. సంఘం పెద్దల ముందు నిలబడి సమాధానం చెప్పినది నేను, మీరు కాదు.

కరకట్ట:
నేను వెళ్ళిపోలేదమ్మా. ఒక ఉదయం లాగిన్ పనిచేయలేదు, అంతే. కార్యవర్గం మారినప్పుడు పాతవారి ఖాతాలన్నీ తీసేశారని ఇంకొకరి ద్వారా తెలిసింది. బొమ్మల వరుస కోసం చేసిన మార్పు గురించి రాసిపెట్టిన కాగితం ఆ ఖాతాలోనే ఉండిపోయింది. నన్ను ఎవరైనా ఒక్క మాట అడిగి ఉంటే, అర్ధరాత్రయినా చెప్పి ఉండేవాణ్ణి.

మేఘమాల:
అడగడానికి మీ నంబరు కూడా నాకు ఎవరూ ఇవ్వలేదండి.

నిర్వాహకులు:
ఆ సంఘం గురించిన విషయాలను ఇద్దరూ ప్రైవేటు సందేశాలలో మాట్లాడుకోవలసిందిగా మనవి. ఇక్కడ ప్రశ్న పాఠాల సైటు గురించినది.

పాఠశాల_పలక:
నిర్వాహకులు క్షమించాలి, మా ప్రశ్నకు అది దూరమైన విషయం కాదు. మా సైటు బాగోగులు చూసుకునే కుర్రవాడు ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాడు, వచ్చే ఏడు ఉద్యోగంలో చేరతాడు. అన్నీ స్థానికంగా పెట్టి అతను వెళ్ళిపోతే, మేము మిగిలినవాళ్ళం ఉపాధ్యాయులం. ఏ ఫైలు ఎప్పటిదో మాకు తెలియదు. దూరం వైపు మనసు లాగడానికి అసలు కారణం అదే.

మేఘమాల:
నేను మొదటి నుంచి భయపడుతున్నదీ అదే. ఫైలు ఎక్కడ ఉన్నదనే దానికన్నా, అది ఏ కూర్పో, ఎక్కడి నుంచి తెచ్చారో రాసి ఉన్నదా లేదా అన్నది నాకు ముఖ్యం. కోడ్ గ్రంథాలను కూర్పు సంఖ్యతో సహా తెప్పించే ఎన్‌పీఎంలో జాబితా రాసి, ఆ జాబితా నుంచే బిల్డ్ సమయంలో ఫైళ్ళు నకలు అయ్యేలా చేస్తే, చేత్తో ఎవరూ ముట్టుకోకుండా ఉంటే, స్థానికానికి నాకు అభ్యంతరం లేదు. లోపం బయటపడిన కూర్పు జాబితాలో ఉంటే, కోడ్ భద్రపరిచే గిట్‌హబ్ సైటు తానే హెచ్చరిస్తుంది.

కరకట్ట:
నేను చెబుతున్నదీ అదే.

మేఘమాల:
మీరు చెప్పలేదు. పైన మళ్ళీ చదవండి.

ఉప్పాడ:
గిట్‌హబ్ మీద భారం వేసేముందు, 2014 డిసెంబరులో మన దేశంలో వీమియో, పేస్ట్‌బిన్‌లతో పాటు దాన్ని కూడా కలిపి 32 సైట్లను ఆపిన సంగతి మరచిపోకండి. హెచ్చరికలకు సరే, పాఠకుడికి వెళ్ళే ఫైలు మాత్రం అక్కడి నుంచి తెప్పించకండి.

పాఠశాల_పలక:
అయితే మీటను ఉంచి, రెండు చోట్లా స్థానికంగానే పెడతాము. "దూరం" అనే విలువ కుర్రవాడు తన కంప్యూటర్‌లో కొత్త కూర్పులు పరీక్షించడానికి మాత్రమే. జాబితా ఫైలునూ హెచ్చరికలు వచ్చే మెయిలునూ ఇద్దరు ఉపాధ్యాయుల పేరు మీద కూడా పెడతాము. మ్యాథ్‌జాక్స్ ఒక్కటి తేలలేదు. మాది పాత 2వ కూర్పు. దాన్ని మొత్తం దించితే చిత్ర రూపపు ఫాంట్లతో వేల కొద్దీ చిన్న ఫైళ్ళు వస్తాయి, పెన్‌డ్రైవ్‌కు నకలు చేయడానికే చాలా సమయం పడుతున్నది.

గుణింతం:
ఆ చిత్ర ఫాంట్ల అరను తీసేయవచ్చు, ఇప్పటి బ్రౌజర్లకు అది అక్కరలేదు. లేదా మ్యాథ్‌జాక్స్ లాగే సమీకరణాలు చూపే కేటెక్స్‌కు మారండి, చాలా తేలిక. పదో తరగతి సమీకరణాలకు అది సరిపోతుంది.

కరకట్ట:
కేటెక్స్ అయితే బిల్డ్ సమయంలోనే సమీకరణాలను హెచ్‌టీఎంఎల్‌గా మార్చి పెట్టవచ్చు, పాఠకుడి బ్రౌజర్‌కు స్క్రిప్టే వెళ్ళదు. సీఎస్ఎస్, ఫాంట్లు మాత్రం పక్కన ఉండాలి.

మేఘమాల:
సమీకరణం లోపల తెలుగు మాటలు రాసేవారు ఉన్నారా? కేటెక్స్ సొంత ఫాంట్లలో తెలుగు లేదు. "వేగం = దూరం / కాలం" అని రాసిన పాఠాలు ఉంటే, మారకముందే ఒకసారి తెరిచి చూసుకోండి.

పాఠశాల_పలక:
ఏడో తరగతి పాఠాలు నిండా అవేనండి.