వసారా స్తంభాలకు రంగు మచ్చలుగా పట్టింది: మళ్లీ గీకించాలా, ఇంకో కోటు చాలా?

పెన్నాగట్టు (ప్రొద్దుటూరు):
మా తాత కట్టిన మట్టిమిద్దె. ముందర వసారాకు ఆరు టేకు స్తంభాలు. ఉగాదికి ముందు పాత వార్నిష్ గీకించి, రంగు కలిపిన సీలర్ రెండు కోట్లు కొట్టించాను. పడమటి వైపు రెండు స్తంభాలు నల్లబడ్డాయి, తక్కినవి తేనె రంగు. వాటి మీద కూడా అక్కడక్కడా పాలిపోయిన మచ్చలు. అన్నిటికీ అడుగున జానెడు ఎత్తు నలుపు. ఇంకో కోటు వేస్తే కలిసిపోతుందని మేస్త్రి అంటున్నాడు. నిజమేనా?

చిత్రిక (కడప):
కలిసిపోదన్నా. మూడో కోటుకు అన్నీ ఇంకాస్త ముదురుతాయి, తేడా తేడాగానే ఉంటుంది. పడమటి ఎండకూ జల్లుకూ ఆ రెండిటి పాత వార్నిష్ ఎప్పుడో పోయి, చెక్క పైపొర విచ్చుకుని ఉంటుంది. అందుకే రంగు ఎక్కువ తాగింది. పాలిపోయిన చోట పాత వార్నిష్ ఇంకా మిగిలి ఉంది, రంగు లోపలికి దిగలేదు. అడుగున స్తంభం కోసిన ముఖం ఉంటుంది, అక్కడ నార నిలువుగా తెరుచుకుని గొట్టాల్లా పీలుస్తుంది. గీకాక నీళ్లు చిలకరించి చూశారా? చుక్క ఇంకితే చెక్క సిద్ధం, ముత్యంలా నిలబడితే ఇంకా గీకాలి.

బురుజు_నీడ (కర్నూలు):
ఇదంతా అనవసరం. ఏ టైంలో కొట్టారో ముందు చెప్పండి.

పెన్నాగట్టు:
పొద్దున 10 నుంచి సాయంత్రం దాకా.

బురుజు_నీడ:
అదే జబ్బు. ఎండలో కాగిన చెక్క మీద కోటు పడీ పడకముందే ఆరుతుంది. పక్క చారను కలిపేసరికి అంచు గట్టిపడి, ఆ అతుకు మీద రెండింతల రంగు పడుతుంది. మా ఇంటి తలుపులు మే నెలలో మిట్టమధ్యాహ్నం కొట్టారు. పులిచారలు వచ్చాయి. డబ్బు మొత్తం ముందే ఇచ్చేశాను. మళ్లీ రమ్మంటే ఫోన్ ఎత్తలేదు.

తుంగభద్ర_77:
ముదురు వాల్‌నట్ రంగు కొట్టేయండి, అన్నీ ఒకటైపోతాయి.

చిత్రిక:
టేకు గీతలు కూడా పోతాయి. ఇక అది టేకైతేనేం, వేపైతేనేం?
బురుజు గారూ, ఎండకు అతుకు చారలు వస్తాయి, ఒప్పుకుంటాను. అడుగున జానెడు నలుపు కూడా ఎండేనా? అది నీడలో ఉండే చోటు.

బురుజు_నీడ:
పని చెడితే చెక్క మీదికి తోయడం మీకు అలవాటు. చెక్క తప్పు, వార్నిష్ తప్పు, కొట్టినవాడిది మాత్రం కాదు. డబ్బు పోగొట్టుకున్నవాడికి తెలుస్తుంది ఆ బాధ.

చిత్రిక:
మా నాయన ముప్పై ఏళ్లు ఇదే పని చేశాడు. ముహూర్తానికి నాలుగు రోజుల ముందు పిలుస్తారు. గీకడానికి వారం కావాలంటే "అంత ఎందుకు, పైపైన కానీ" అంటారు. తర్వాత మచ్చ చూపించి చివరి విడత కూలి ఎగ్గొడతారు. అట్లా రాని డబ్బులతో మాకు ఒక గది పడేది. ఎండలో నిలబడాలని ఏ మేస్త్రికీ సరదా ఉండదు.

అనంత_వేరుశనగ:
పెన్నా అన్నా, గీకడానికి ఎన్ని రోజులిచ్చారు?

పెన్నాగట్టు:
ఆయన ఆరు రోజులు అడిగాడు. పండక్కి చుట్టాలు వస్తారని నేను రెండే ఇచ్చాను. ఇంకా 6,000 ఇవ్వాలి. మచ్చలు పోతేనే ఇస్తానన్నాను.

బురుజు_నీడ:
అయినా పని ఒప్పుకున్నది ఆయనే కదా? రెండు రోజుల్లో కాదని తెలిస్తే వద్దనాల్సింది. ఒప్పుకున్నాక బాధ్యత ఆయనదే.

చిత్రిక:
వద్దంటే ఆ వారం ఇంట్లో పొయ్యి వెలగదు సార్.

పెన్నాగట్టు:
6,000 సాయంత్రం ఇచ్చేస్తాను. మళ్లీ గీకే కూలి వేరేగా ఇస్తాను. ఎట్లా మొదలుపెట్టమంటారు?

చిత్రిక:
ఒక్క స్తంభంతో మొదలుపెట్టండి. ముందు 80 నంబరు సాండ్‌పేపర్, తర్వాత 120, నార వెంబడే. ఇంకా నున్నగా రుద్దొద్దు, రంగు పట్టదు. నీళ్ల చుక్కల పరీక్ష చేశాక పూర్తిగా ఆరనివ్వండి. మేకుల చుట్టూ నలుపుంటే అది ఇనుముకూ టేకులోని వగరుకూ పుట్టిన మరక. నీళ్లలో కలిపిన ఆక్సాలిక్ యాసిడ్‌తో పోతుంది, చేతికి గ్లవ్స్ వేసుకుని, తర్వాత బాగా కడగాలి. అడుగు భాగానికి రంగులేని సీలర్ పల్చగా ఒక కోటు ముందే పడితే అక్కడ ఎక్కువ తాగదు. రంగు కోటు వేసిన కాసేపటికే, తడి ఉండగానే మిగులు గుడ్డతో తుడిచేయాలి. నూనె సీలర్ అయితే ఆ గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయొద్దు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరేయండి.

పెన్నాగట్టు:
ఆదివారం పడమటి స్తంభం ఒకటి గీకిస్తున్నాను. రంగు వేసే రోజు పొద్దున ఆరుకే మొదలుపెడతాం.

బురుజు_నీడ:
తొమ్మిదికల్లా ఆపేయండి.